ఖెత్సివే పెరట్లో ఎర్ర ఈకలు

మా పక్కింటి ఖెత్సివే గురించి ఈ వాడలో ఎవర్నడిగినా ముందు నవ్వుతారు, తర్వాత చెబుతారు. "రాకుమారి గారా? అదిగో, ఆ అత్తిచెట్టున్న ఇల్లు" అని దారి చూపిస్తారు. ఆ నవ్వు వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది. ఒకే కంచెకు ఇటు నేను, అటు ఆమె, ముసలివాళ్లమయ్యేదాకా బతికాం. ఆమె గురించి మాట్లాడే హక్కు ఎవరికైనా ఉంటే నాకుంది. ఈ ఇకిలించే ముఖాలకు లేదు.

ఖెత్సివే అంటే మా భాషలో ఏరికోరి తెచ్చుకున్నది అని అర్థం. ఎవరు ఏరారో, ఎవరు కోరారో ఆ దేవుడికే తెలియాలి. తల్లి సిజకేలే పడుచుతనంలో మఫెవు దొర ఇంట్లో వంట చేసేది. ఈ మఫెవు రాచకుటుంబంలో ఎక్కడో చిట్టచివరి కొమ్మకు వేలాడే రాకుమారుడు. అయితేనేం, ఆయన నడిచొస్తుంటే దారిన పోయేవాళ్లు పక్కకు తప్పుకుని 'న్కోసీ', అంటే దొరా, అని తల వంచాల్సిందే. సిజకేలే కడుపుతో ఉందని తెలిశాక ఆ పెద్దమనిషి చేయాల్సిన పని ఒకటుంది. తెల్లవారుజామున ఆమెను పశువుల దొడ్డిలోకి పిలిపించి, తన అక్కచెల్లెళ్ల చేత ఒంటికి ఎర్రమట్టి పూయించాలి. ఎర్రమట్టి అంటిన ఆడది ఆ ఇంటి కోడలు, ఆమె కన్నది ఆ ఇంటి బిడ్డ. ఆ తర్వాత కాదనడం ఎవరి తరమూ కాదు.

మఫెవు ఎర్రమట్టి పూయించలేదు. రెండు ఎర్ర ఈకలు తోలుసంచిలో పెట్టి, మూతి కుట్టేసి ఆమె చేతిలో పెట్టాడు. "బిడ్డ పెద్దయ్యాక ఇది పట్టుకుని రమ్మను. మా ఇంటివాళ్లు విప్పి చూస్తే వాళ్లకే తెలుస్తుంది. అందాకా ఎవరూ విప్పకూడదు సుమా" అన్నాడట. ఆ వెర్రిబాగులది నమ్మింది. గ్వాలాగ్వాలా పిట్ట ఎర్ర ఈకను రాచబిడ్డలు తప్ప ఇంకెవరూ తలలో పెట్టుకోరు. అలాంటిది తన చేతికిచ్చాడంటే బిడ్డను ఒప్పుకున్నట్టే కదా అనుకుంది. మట్టి అడగాల్సిన చోట ఈకలు పుచ్చుకుని పుట్టింటికి వచ్చేసింది. ఇంత తెలివితక్కువ పని ఏ ఆడదైనా చేస్తుందా అని మా అత్త బతికున్నన్నాళ్లూ ఆమెను ఆడిపోసుకుంది. మా అత్త మంచి మాట అన్న సందర్భాలు తక్కువే గానీ, ఆ విషయంలో ఆమెదే ఒప్పు.

తల్లి పోతూ పోతూ ఆ సంచి కూతురి మెడలో వేసింది. ఖెత్సివే ఒకసారి, పడుచుపిల్లగా ఉన్నప్పుడు, మఫెవు ఇంటికి వెళ్లింది. ఆయన బయటికే రాలేదు. "ఇప్పుడు కాదు, నేను పోయాక మావాళ్లు విప్పుతారు" అని లోపల్నుంచి కబురు పంపాడు. ఎంత గొప్ప తండ్రో చూడండి. కన్నవాడి చావు కోసం కూతురు కాచుకు కూర్చునే బతుకు ఇచ్చి పంపాడు.

కూర్చుంది. అనాసపండ్ల లారీ తోలే మగగుల అనే మంచివాడు ఈమెను చేసుకుంటానని వచ్చాడు. బుద్ధిమంతుడు, తాగుడు లేదు. ఈమె ఏమందో తెలుసా? "నన్ను పంపాల్సింది మా నాన్న దొడ్డి లోంచి. అందాకా ఆగు" అంది. అతను ఆగగలిగినంతకాలం ఆగాడు. తర్వాత నా దగ్గరకు వచ్చి, "అక్కా, నేనేమన్నా చెట్టునా, ఇలా నిలబడి ఉండటానికి?" అని వేరే పిల్లను చేసుకున్నాడు. నేను ఖెత్సివేను కడిగిపారేశాను. ఆమె చాప అల్లుతూ తల ఎత్తలేదు. గడ్డిచాపలు అల్లి అమ్మడమే ఆమె బతుకుతెరువు.

ఆ పిట్ట పిచ్చి అప్పుడే పట్టుకుంది ఆమెకు. పెరట్లో అత్తి నాటింది, జామ నాటింది, బొప్పాయి నాటింది. పండు కోస్తే ఊరుకునేది కాదు. మా పిల్లలు జామకాయ తెంపితే కర్ర పట్టుకుని వెంటపడేది. చెట్లు కాపుకొచ్చాక గ్వాలాగ్వాలా జంట ఒకటి వచ్చి అక్కడే తిష్ఠ వేసింది.

అందం సంగతి చెప్పాలంటే ఆ పిట్టకు వంక పెట్టడానికి లేదు. పావురం కంటే పెద్దది, పొడుగు తోక. నెత్తిమీద మిలమిలలాడే వంకాయరంగు కుచ్చు, కంటి చుట్టూ ఎర్రటి వలయం. మెడా రొమ్మూ ఆకుపచ్చ, రెక్కలూ తోకా ముదురు నీలం. గొంతు మాత్రం ఘోరం. కొక్ కొక్ అని గొణుగుతూ మొదలుపెట్టి, పైపైకి అరుచుకుంటూ పోయి, చివర్లో ఎవరినో తిట్టినట్టు ఆపేస్తుంది. ఎగరాలంటే బద్ధకం. కొమ్మల మీద ఉడతలా పరుగులు తీస్తుంది, గెంతుతుంది, పండును నమలకుండా మింగుతుంది. కూర్చున్నంతసేపూ ఒంటి మీద ఎరుపు ఉందని కూడా తెలియదు. ఈ చెట్టు మీంచి ఆ చెట్టుకు ఎగిరితే అప్పుడు, రెక్క విప్పినంతసేపు, నిప్పు అంటుకున్నట్టు ఎర్రగా కనిపిస్తుంది. కూర్చోగానే మళ్లీ మాయం.

"చూశావా లాషోంగ్వే, తన ఎరుపు ఎవరికీ చూపించుకోదు. ఉన్నవాళ్లు చాటుకోరు" అనేది ఖెత్సివే కంచె అవతల నుంచి.

"అయితే ఎగరవే తల్లీ, నీ ఎరుపు కూడా చూసి తరిస్తాం" అనేదాన్ని నేను.

"మగది కూడా గుడ్ల మీద కూర్చుంటుంది, తెలుసా? ఇద్దరూ వంతులేసుకుని పొదుగుతారు. పిల్లకి పండు మెత్తగా చేసి మగది కూడా పెడుతుంది."

"పిట్ట కదా. కూర్చోక ఏం చేస్తుంది? దానికేమన్నా దొరతనం ఉందా?"

అలా అంటే ఆమె ముఖం మాడ్చుకుని లోపలికి పోయేది. రెండురోజులు మాటలుండేవి కావు. తర్వాత తనే ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు కంచె మీదుగా అందించేది.

ఈకలు రాలే కాలంలో తెల్లారగానే పెరడంతా వెతికేది. దొరికిన ఎర్ర ఈక ప్రతిదీ తుడిచి, రేకు డబ్బాలో దాచి అలమరలో పెట్టేది. ఒక్కటంటే ఒక్కటి తలలో పెట్టుకోలేదు. "పెట్టుకోవే, ఇక్కడ నిన్నెవరు చూడొచ్చారు?" అంటే, "నాకు పెట్టాల్సిన చేయి వేరే ఉంది" అనేది. ఒకసారి ఈక ఒకటి బట్టలు నానేసిన సబ్బునీళ్లలో పడి నీళ్లు గులాబీరంగు అయ్యాయి. పెద్ద గోల చేసింది. నేను పరుగెత్తుకెళితే రంగు వెలిసిన ఈక చూపించి, "వానకు చెక్కుచెదరదే! తడిసిన కొద్దీ ఇంకా ఎర్రబడుతుంది. సబ్బుకు మాత్రం ఎలా పోయిందో చూడు" అని, మనిషి పోయినంత బాధపడింది. నాకు నవ్వొచ్చింది. ఆ మాట తర్వాత ఎక్కడ పనికొస్తుందో అప్పుడు నాకేం తెలుసు.

చివరికి మఫెవు పోయాడు. బాగా పండి, పళ్లూడి, ముగ్గురు భార్యలను ఏడిపించి పోయాడు. భార్యలు మైలబట్టలు విడిచే రోజున ఆయన పిల్లలందరినీ పేరుపేరునా పిలిచి పశువుల దొడ్డిలో నిలబెడతారని ఖెత్సివేకు కబురందింది. ఆ దొడ్డిలోకి ఆ ఇంటి ఆడబిడ్డలు అడుగుపెట్టొచ్చు. కోడళ్లు ఎర్రమట్టి పూసే రోజు తప్ప, పరాయివాళ్లు ఎప్పుడూ గుమ్మం దాటకూడదు. అంటే ఆ గుమ్మం దాటితే ఆమె మఫెవు కూతురు, దాటకపోతే ఎవరికీ ఏమీ కాదు. జీవితమంతా ఆ ఒక్క అడుగు కోసం దాచిపెట్టుకుంది. తెల్ల జాకెట్టు కుట్టించుకుంది. జుట్టు నా చేత దువ్వించుకుంది. "నువ్వు నా పక్కన ఉండాలే" అంది. వెళ్లాను.

దొడ్డి గుమ్మం దగ్గర మఫెవు అక్క కర్ర పట్టుకుని కూర్చుంది. అందరూ ఆమెను గోగో, అంటే అవ్వ, అంటారు. కళ్లకు పొర కమ్మింది గానీ నోరు మాత్రం ఏం తగ్గలేదు. పక్కన మఫెవు పెద్దభార్య కూతురు బాలుంగిలే, నెత్తిన ఎర్ర ఈకలతో.

"ఎవరివే నువ్వు?" అంది గోగో.

"సిజకేలే బిడ్డను గోగో. ఇక్కడ వంట చేసేది."

"సిజకేలేనా? గుమ్మడికాయ బాగా వండేది ముండ. నీకు వచ్చా?"

"వంటమనిషి కూతురికి వంటిల్లు అటుందని చెప్పండి అత్తా" అంది బాలుంగిలే. చుట్టూ ఉన్నవాళ్లు కిసుక్కుమన్నారు.

ఖెత్సివే మెడలోంచి సంచి తీసి గోగో ఒడిలో పెట్టింది. "మా నాన్న ఇచ్చాడు. మీరే విప్పాలన్నాడు" అంది. గోగో చాకు తెప్పించి కుట్టు తెంపింది. లోపల్నుంచి రెండు ఎర్ర ఈకలు బయటికొచ్చాయి. నవ్వినవాళ్లు మెడలు సాచి చూశారు. గోగో వాటిని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది, వేళ్లతో తడిమింది. చాలాసేపు చూసింది.

"ఎర్రవే. దీని తలలో పెట్టండి. చివర్న దీన్ని కూడా పిలవండి" అంది.

ఎవరో వచ్చి ఆ ఈకలు ఖెత్సివే జుట్టులో గుచ్చబోయారు. గుచ్చేముందు ఆమె వాటిని ఒక్కసారి చేతిలోకి తీసుకుని చూసింది. అంతే, నా మోచెయ్యి పట్టుకుని గోళ్లు దిగేలా నొక్కింది.

"లాషోంగ్వే, ఇది కోడిపుంజుది" అంది నాకు మాత్రమే వినిపించేలా.

"ఏంటే?"

"కాడ చూడు. కాడ కూడా ఎర్రగానే ఉంది. మన పిట్టకి కాడ నల్లగా ఉంటుంది. దీన్ని రంగులో ముంచారు."

"నోరు మూసుకుని నిలబడు. ముసలమ్మ ఎర్రవే అంది. ఇంకెవరూ చూడరు."

"నాకు తెలుసు కదే."

"నీకు తెలిస్తే తెలిసింది. చచ్చేదాకా తెలిసే ఉండు. ముందు లోపలికి నడు."

నా మాట విని నిలబడింది. పిలుపులు మొదలయ్యాయి. పెద్దభార్య పిల్లలు, రెండో భార్య పిల్లలు, మూడో భార్య పిల్లలు, ఒక్కొక్కరి పేరూ, బిరుదులూ, పొగడ్తలూ. పొగడ్తలు అంటే మావాళ్లకు అలుపు రాదు. ఇంతలో కొండ మీద మబ్బు దిగింది. ఖెత్సివే ఆకాశం వైపు చూసింది, గుమ్మం వైపు చూసింది. వాన మాకు శుభం. దొడ్డిలో ఉన్నవాళ్లంతా "వాన! వాన!" అని సంబరపడ్డారు. పక్కకు వెళ్లి చూరు కింద నిలబడితే ఆమె వంతు పోతుంది. నిలబడితే ఏమవుతుందో ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. నేను నా శాలువా తీసి ఆమె తల మీద కప్పబోయాను.

"రాచబిడ్డవి, ఈకల మీద గుడ్డ కప్పుకుంటావా? తీయించు దాన్ని" అంది బాలుంగిలే.

తీశాను. వాన పడింది. మొదట నుదుటి మీద ఒక్క ఎర్ర చార. తర్వాత ముక్కు మీదుగా, పెదవి మీదుగా, గడ్డం మీంచి తెల్ల జాకెట్టు మీదికి. ఆమె తుడుచుకోలేదు. ఎదురుగా దొడ్డి గుమ్మాన్నే చూస్తూ నిలబడింది. బాలుంగిలే వచ్చి ఆమె చెంప మీద వేలు పెట్టి రాసి, ఆ వేలు ఎత్తి అందరికీ చూపించింది.

"కోడికి రంగేసి తెచ్చిందర్రా! మా నాన్న కూతురట! ఏ కోళ్లగూట్లో కన్నాడో అడగండి!"

ఇక ఆ నవ్వులు వినాలి. వానలో తడుస్తూ పొట్ట పట్టుకుని నవ్వారు. మైలబట్టలు అప్పుడే విడిచిన భార్యలు కూడా నవ్వారు. గోగో మాత్రం నవ్వలేదు. "ఆపండి" అని ఒక్క కసురు కసిరి, చేతికర్ర గుమ్మానికి అడ్డంగా పెట్టింది. ఖెత్సివే పేరు ఎవరూ పిలవలేదు.

ఆమెను వంటపాకలోకి తీసుకెళ్లి కూర్చోబెట్టి ముఖం తుడుస్తున్నాను. కాసేపటికి గోగో కర్ర పొడుచుకుంటూ వచ్చింది. వంటవాళ్లను బయటికి తరిమి ఖెత్సివే ఎదురుగా పీట మీద కూర్చుంది.

"ఇది వాడి పనే" అంది. "చిన్నప్పుడు మేమిద్దరం పుంజు ఈకలు ఎర్రసిరాలో ముంచి రాజూ రాణీ ఆట ఆడేవాళ్లం. నాకు ఆట మరిచిపోయే వయసొచ్చింది. వాడు మాత్రం మానలేదు. పెద్దయ్యాక ఆ ఈకలే ఆడపిల్లలకిచ్చేవాడు. చేత్తో తడిమినప్పుడే నాకు తెలిసింది."

"తెలిసీ తలలో పెట్టించారా?" అన్నాను నేను, ఉండబట్టలేక.

"నిజం ఈకలైతే పెట్టించకపోదును. ఏ చెట్టుకిందో ఏరుకొచ్చిందనుకునేదాన్ని. పుంజు ఈకలు ఇంకెవడిస్తాడు? ఇది మా తమ్ముడి కూతురే. ఆ చెవులు కూడా వాడివే. వాన కాసేపాగి వచ్చుంటే గుమ్మం దాటించేసేదాన్ని."

ఖెత్సివే ముసలామె కాళ్లు పట్టుకుంది. "ఇప్పుడు అన్న ఈ మాట బయటికొచ్చి చెప్పండి గోగో. ఒక్కసారి. నాకింకేమీ వద్దు. పశువులొద్దు, భూమొద్దు."

"ఎలా చెప్పనే? చెబితే మా తమ్ముడు ఆడవాళ్లకు కోడి ఈకలిచ్చి మోసం చేసేవాడని చెప్పాలి కదా. నీలాంటివాళ్లు ఇంకా ఉన్నారు, సంచులు పట్టుకుని వస్తారు. చచ్చినవాడి పరువేం కావాలి?"

"మరి నా బతుకో?"

"బతికే ఉన్నావుగా. అన్నం తిని వెళ్లు" అని కర్ర పట్టుకుని లేచింది.

తినకుండానే వచ్చేశాం. దారి పొడుగునా నేను మఫెవును, వాడి అక్కను, వాడి వంశాన్ని తిడుతూనే ఉన్నాను. ఆమె ఇంటికొచ్చి జాకెట్టు సబ్బు పెట్టి ఉతికింది. మర్నాడు మళ్లీ ఉతికింది. ఆ మరక పోలేదు. చివరికి దాన్ని చింపి మసిగుడ్డ చేసింది. పుంజు ఈకలు మాత్రం పారేయలేదు, అదే సంచిలో పెట్టి అదే మెడలో వేసుకుంది. ఎందుకే అంటే, "మా నాన్న ఇచ్చాడు కదా" అంది. ఆమె వెటకారంగా అందో, నిజంగానే అందో నాకు అర్థం కాలేదు.

తర్వాతి చలికాలం చివర్లో, కన్నెపిల్లలు నాట్యం చేసే రెల్లు పండగకు కాస్త ముందు, బాలుంగిలే కారు మా వీధిలో ఆగింది. ఆమె మనవరాలు ఆ ఏడు రాకుమార్తెల వరసలో నాట్యం చేయాలి. తల నిండా ఎర్ర ఈకలు కావాలి. ఇప్పుడు ఆ పిట్టలు ఎక్కడపడితే అక్కడ దొరకడంలేదు. ఈ పెరట్లో రాలిన ఈకలు డబ్బాల కొద్దీ ఉన్నాయని ఎవరో పుణ్యాత్ములు చెప్పారు. నేను కంచె ఇవతల బీన్స్ వలుస్తున్నాను. బాలుంగిలే నన్ను చూసి, లెక్కలోని మనిషిని కాదని తేల్చుకుని, చాప అల్లుతున్న ఖెత్సివే దగ్గరకు వెళ్లింది.

"బాగున్నావా అక్కా?" అంది.

ఖెత్సివే చేతులు ఆగిపోయాయి. "ఏమన్నావు?"

"అక్కా అన్నాను. ఎంతైనా ఒక తండ్రి బిడ్డలం. గోగో అంతా చెప్పింది నాకు."

"దొడ్డి దగ్గర అనలేదే ఆ మాట?"

"అక్కడ జనం ఉన్నారు కదక్కా. నీకు తెలియందేముంది? అవన్నీ మనసులో పెట్టుకోకు. నా మనవరాలు నీకూ మనవరాలే కదా. దాని తలకు నాలుగు ఈకలియ్యి. నీ చేత్తో ఇస్తే దీవించినట్టు ఉంటుంది."

పైన అత్తికొమ్మల్లో పిట్టలు రెండూ పండ్ల కోసం పరుగులు తీస్తున్నాయి. బాలుంగిలే తల ఎత్తి చూడనైనా లేదు. ఖెత్సివే లేచింది. అలమర ఉన్న గది వైపు వెళుతుందనుకున్నాను. ఇవ్వకే, చచ్చినా ఇవ్వకే అని లోపల్లోపల అరుస్తున్నాను. ఆమె లోపలికి వెళ్లలేదు. మెడలోని సంచి తీసి, సగం రంగు పోయిన ఆ రెండు పుంజు ఈకలు బాలుంగిలే అరచేతిలో పెట్టింది.

"నాన్న చేతివి. ఇంతకంటే విలువైనవి నా దగ్గర లేవు. పిల్ల తలలో పెట్టు చెల్లీ. వాన రాకుండా మాత్రం చూసుకో."

బాలుంగిలే ముఖం ఎలా అయిందో నేను కళ్లారా చూశాను. ఈకలు నేల మీద విసిరికొట్టి, కారు తలుపు ధడేలుమని వేసుకుని పోయింది. నేను బీన్స్ చాట కింద పడేసి, పగలబడి నవ్వుతూ కంచె దగ్గరకు పరిగెత్తాను. "శభాష్ ఖెత్సివే! బతికుండగా ఇది చూశాను, చాలు!" అన్నాను.

ఆమె నవ్వడంలేదు. వంగి ఆ ఈకలు ఏరుకుని, మట్టి దులిపి మళ్లీ సంచిలో పెట్టుకుంది.

"లాషోంగ్వే, అది నన్ను అక్కా అంది. నువ్వు విన్నావు కదా?" అంది.

"విన్నాను."

"రెండు మూడు సార్లు అంది."

"అంది."

"ఎవరైనా అడిగితే చెబుతావా?"

ఎవరడుగుతారే పిచ్చిదానా అనబోయి ఆగాను. చెబుతానని మాట ఇచ్చాను. ఆమె పోయి రెండేళ్లయింది. తల్లి ఇంటిపేరుతోనే పాతిపెట్టారు. ఇంతవరకు నన్నెవరూ అడగలేదు. నేనే చెబుతున్నాను, అంది. నేను విన్నాను.